గెయిన్ తగ్గించరా తమ్ముడూ

మా పెదనాన్న పిల్లలిద్దరికీ హెవీ మెటల్ అంటే పిచ్చి. ఆ పిచ్చి తప్ప ఇద్దరికీ ఇంకెందులోనూ పొసగదు. అక్క హైదరాబాద్‌లో లైవ్ సౌండ్ ఇంజినీరు. పెళ్ళి సంగీత్ దగ్గర్నుంచి కాలేజీ ఫెస్టు దాకా మిక్సర్ వెనక నిలబడడమే ఆమె ఉద్యోగం. తమ్ముడు విశాఖలో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. మేడ మీద గది వాడి సామ్రాజ్యం: ఆరు తీగల గిటార్, ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్. బ్యాండుతో కలిసి చేసిన కొత్త పాట డెమో అక్కకి వినిపించాడు. దాని మీద జరిగిన వాదన ఇది. పక్కన కూర్చుని విన్నవాణ్ణి కాబట్టి అవసరమైన చోట నా మాటా కలిపాను. నా మొగ్గు ఎటో దాచడం ఎందుకు, అక్క వైపే. ఒక్కచోట మాత్రం తమ్ముడిదే రైటనిపించింది.

తమ్ముడు: గిటార్ ఒక్కటే పెట్టి వినిపించినప్పుడు ఎలా ఉందక్కా? నిజం చెప్పు. గోడలు అదరలేదూ?

అక్క: అదిరాయి. అక్కడే నాకు అనుమానం వచ్చింది. తర్వాత డ్రమ్స్, బేస్ గిటార్ కలిపి వినిపించావే, అందులో నీ గిటార్ ఏదిరా? సింబల్స్ వెనక సరసరమని ఒక మోత తప్ప రిఫ్‌లో ఒక్క స్వరం చెవికి ఆనలేదు.

తమ్ముడు: నా బాధ కూడా అదే. ఈ సామానుతో ఇంతకంటే రాదు. పికప్‌లు తీసేసి ఈఎంజీ 81 వేయించాలి. పీవీ 5150 లాంటి ట్యూబ్ ఆంప్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా చాలు. లాప్‌టాప్‌లో ఉండే ఆంప్‌తో మెటల్ టోన్ ఏం వస్తుంది? నువ్వు అడిగితే నాన్న కాదనడు.

అక్క: నాన్న సంగతి తర్వాత. ముందు నీ సెట్టింగులు చదువు.

తమ్ముడు: గెయిన్ 10. బేస్ 8, మిడ్స్ 0, ట్రెబుల్ 9. ఆంప్ ముందు డిస్టార్షన్ పెడల్, దాని గెయిన్ కూడా ఫుల్.

అక్క: బాగుంది. గిటార్ బతికేదే మిడ్స్‌లో. ఆ నాబ్ సున్నాకి తిప్పేసి, గిటార్ వినపడట్లేదు డబ్బులు ఇప్పించమంటున్నావు.

తమ్ముడు: మెటల్ అంటేనే అంత కదా! అడుగున గుమ్మనాలి, పైన కోసెయ్యాలి, మధ్యలో ఖాళీగా ఉండాలి. మెటాలికా 'జస్టిస్' ఆల్బం వినలేదా నువ్వు?

అక్క: దాని దగ్గరికి వస్తా. ఈ సెట్టింగులు ఎప్పుడు పెట్టావు?

తమ్ముడు: రాత్రి, అందరూ పడుకున్నాక. హెడ్‌ఫోన్స్‌లో చిన్నగా పెట్టుకుని.

అక్క: దొరికావు. సౌండ్ చిన్నగా ఉన్నప్పుడు చెవికి మంద్ర స్వరాలూ, మరీ పై స్వరాలూ సరిగ్గా అందవు. ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. రాత్రిపూట చిన్నగా వింటుంటే బేస్, ట్రెబుల్ చాలట్లేదనిపిస్తుంది, పెంచేస్తావు. అవే సెట్టింగులతో వేదిక ఎక్కితే ఆ పెద్ద సౌండ్‌లో చెవి రెండింటినీ తనంతట తనే అందుకుంటుంది. మీద నువ్వు పెంచింది ఉండనే ఉంది. అడుగున బొయ్యిమనే మోత, పైన సింబల్స్‌తో కొట్లాట. ఫెస్టుల్లో సగం మంది కుర్రాళ్ళు ఇలాగే వస్తారు. వాళ్ళ ఫేడర్ పైకి నెట్టేకొద్దీ మోత పెరుగుతుంది తప్ప రిఫ్ బయటికి రాదు. నెపం మాత్రం సౌండ్ వాళ్ళ మీద.

తమ్ముడు: అంటే బేస్ తగ్గించాలంటావు. తగ్గిస్తే ఇంక అది మెటలేంటి? పాప్ పాటైపోతుంది.

అక్క: డ్రమ్స్‌లో కిక్ డ్రమ్ ఉంది. దాని బలం 60, 80 హెర్ట్జ్ దగ్గర. మామూలు శ్రుతిలో బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. గిటార్‌ది 82. ఆర్టీసీ బస్సులో ఒకే సీటు మీద ముగ్గురు కర్చీఫులు వేసినట్టుంది మీ డెమో. 80 హెర్ట్జ్ కింద నీ గిటార్‌ని పూర్తిగా కోసెయ్. ఇంకాస్త పైదాకా కోసినా పరవాలేదు. 8 వేల పైన కూడా తీసెయ్. మధ్యలో మిగిలేదే నీది.

తమ్ముడు: గిటార్ ఒక్కటే వింటే సన్నగా అయిపోతుంది కదా!

అక్క: అవుతుంది. గిటార్ ఒక్కటే ఎవడు వింటాడు?

(ఇక్కడ తమ్ముడు కొంచెంసేపు మాట్లాడలేదు. ఈ ఒక్క ప్రశ్న మీదే మిగతా వాదనంతా నిలబడింది. గిటార్ నేర్చుకునేవాడు ఏళ్ళ తరబడి ఒంటరిగా గదిలో వాయిస్తాడు కాబట్టి, ఒంటరిగా బాగుండే టోన్‌నే వెతుక్కుంటాడు. వాడు వినే రికార్డుల్లో గిటార్ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. బరువంతా గిటార్‌దే అనుకుని మురిసిపోతాడు గానీ అందులో సగం కింద కనపడకుండా మోస్తున్న బేస్ గిటార్‌ది.)

తమ్ముడు: సరే, ఒంటరి గిటార్ మాట వదిలెయ్. గెయిన్ సంగతేంటి? గెయిన్ లేకపోతే మెటల్ లేదు. దీని మీద నీతో రాజీ లేదు.

అక్క: లేకుండా వాయించమనలేదు. 10 ఎందుకంటున్నా. డిస్టార్షన్ అంటే ఏంటి? పైకి లేచిన తరంగం తలని తెగ్గొట్టడం. తల తెగిన చోట కొత్త హార్మోనిక్స్ పుడతాయి, టోన్‌కి కరుకుదనం వస్తుంది. మంచిదే. కానీ మొత్తం తెగ్గొట్టేస్తే గట్టిగా కొట్టిన స్వరానికీ మెల్లగా తాకిన స్వరానికీ తేడా పోతుంది. మెటల్‌లో దెబ్బ ఎక్కడుంది? పిక్ తీగని కొట్టిన ఆ మొదటి క్షణంలో. నీ గెయిన్ దాన్ని మింగేస్తోంది. ఇలా ఇవ్వు గిటార్.

గిటార్ తీసుకుని లాప్‌టాప్‌లో గెయిన్ 4కి దించింది. పెడల్ ఆపేసింది. కుడి అరచేతి అంచుని బ్రిడ్జి మీద ఆనించి, సగం వేలి మందం ముందుకి జరిపి, పిక్‌ని కొద్దిగా వాల్చి అడుగు తీగని కొట్టింది. తీగకి పిక్ తగిలిన టక్కు, వెంటనే గుండెల దగ్గర ఒక గుద్దు, ఆపైన ఏమీ లేదు. అదే రిఫ్ తమ్ముడి సెట్టింగులతో మళ్ళీ వాయించింది. టక్కు లేదు, గుద్దుకి బదులు ఒక ఊళ, అది ఆగేలోపే పక్క స్వరం వచ్చి మీద పడింది. అరచేతిని ఇంకొంచెం ముందుకి జరిపితే తీగ చచ్చిపోయింది, వెనక్కి జరిపితే మోగడం మొదలైంది. పికప్ మార్చినా ఇంత తేడా వస్తుందని నేననుకోను.

అక్క: మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' టైటిల్ పాట వేగం నిమిషానికి దాదాపు 212 బీట్లు. జేమ్స్ హెట్‌ఫీల్డ్ దాన్ని అంతా కిందికే కొడతాడు, పైకి కిందికి కాదు. సెకనుకి ఏడు దెబ్బలు. ఆ రికార్డు టోన్ గురించి రాసేవాళ్ళంతా మెసా బూగీ మార్క్ టూ సీ ప్లస్ ఆంప్ గురించి రాస్తారు. ఆంప్ మంచిదే. ఆ కుడిచెయ్యి ఏ కొట్లో దొరుకుతుందో కూడా రాస్తే బాగుండు.

తమ్ముడు: "టోన్ అంతా వేళ్ళలో ఉంది" అనే పాత పాట మొదలుపెట్టావా? ఆ మాట అనేవాళ్ళందరి ఇంట్లో లక్షల సామాను ఉంటుందక్కా.

అక్క: నేనలా అనలేదు. సామాను అక్కర్లేదనడం కూడా అబద్ధమే. ఏ సామాను ఎక్కడ పెట్టాలో తెలియాలంటున్నా. అసలు ఈ సంగీతం పుట్టిన సౌండ్ సంగతి తీసుకో. బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ. బర్మింగ్‌హామ్ కుర్రాడు, రేకుల ఫ్యాక్టరీలో పని. 1965లో, 17 ఏళ్ళ వయసులో, ఉద్యోగం ఆఖరి రోజున ప్రెస్ మెషీన్ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు కోసేసింది. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే.

తమ్ముడు: తెలుసు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. మీద తోలు అంటించాడు.

అక్క: వేళ్ళకి నొప్పి లేకుండా సన్నటి తీగలు కావాలి. అప్పట్లో గిటార్‌కి అంత సన్నవి దొరక్క బాంజో తీగలు వేసుకున్నాడు. ఆ తర్వాత తీగల బిగువు ఇంకా తగ్గాలని శ్రుతి దించాడు. 1971 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి మూడు అర స్వరాలు కిందికి. ఇప్పుడు చెప్పు, బ్లాక్ సబాత్ మొదటి ఆల్బంలో ఆయన ఆంప్ ముందు ఏం పెట్టాడు?

తమ్ముడు: ఫజ్ పెడల్.

అక్క: కాదు. ట్రెబుల్ బూస్టర్. డల్లాస్ రేంజ్‌మాస్టర్ అని చిన్న డబ్బా.

తమ్ముడు: ట్రెబుల్ పెంచేదా?

అక్క: అదే. 1970లో, అప్పటిదాకా ప్రపంచం వినని బరువైన రికార్డు అది. దాని వెనక ఉన్నది ట్రెబుల్ పెంచే డబ్బా. పికప్‌లు కూడా నువ్వడిగే రకం కాదు. పీ-90లు, ఒక్క కాయిల్‌వి.

తమ్ముడు: అర్థం లేకుండా ఉంది. ట్రెబుల్ పెంచితే బరువెలా వస్తుంది?

అక్క: డిస్టార్షన్‌కి ముందు పెంచడం వేరు, తర్వాత పెంచడం వేరు. తీగ కదలికలో శక్తంతా మంద్రంలోనే ఎక్కువ. దాన్ని యథాతథంగా ఆంప్‌లోకి పంపితే ముందు తల తెగేది దానిదే. మంద్ర స్వరం తల తెగితే వచ్చేది ముద్ద. పైన ఉన్న స్వరాలన్నీ ఆ ముద్దలో ఇరుక్కుంటాయి. అందుకని ముందే మంద్రాన్ని తగ్గించి పంపాలి. కరుకుదనం మధ్య స్వరాలకి వస్తుంది, అడుగు శుభ్రంగా ఉంటుంది. గుమ్మనడం కావాలంటే ఆంప్ దాటాక, క్యాబినెట్ దగ్గర పెంచుకో. అప్పుడు పెంచిన బేస్ బిగుతుగా ఉంటుంది.

తమ్ముడు: అందుకేనా ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్‌ని మెటల్ వాళ్ళంతా డ్రైవ్ సున్నాలో పెట్టి, లెవెల్ ఫుల్ చేసి వాడతారు? నాకు అది ఎప్పుడూ విడ్డూరంగానే ఉండేది. డిస్టార్షన్ పెడల్ కొని డిస్టార్షన్ సున్నా చేయడమేంటని.

అక్క: ఆ పచ్చడబ్బా 720 హెర్ట్జ్ దిగువ ఉన్నదాన్ని తగ్గిస్తూ పోతుంది, మిడ్స్‌ని ముందుకు తోస్తుంది. అయోమీ రేంజ్‌మాస్టర్‌తో చేసిందీ దాదాపు ఇదే పని. యాభై ఏళ్ళుగా మెటల్ గిటార్ ఒకే కిటుకు మీద నడుస్తోంది. ముందు కొయ్యి, తర్వాత మండించు, ఆపైన నింపు. నువ్వు సరిగ్గా తిరగేశావు. ముందు నింపావు, మండించావు, చివర్లో మిడ్స్ కోశావు.

(ఇది విన్నాక తమ్ముడు మౌస్ పట్టుకుని ఏదో కదపడం చూశాను. ఒప్పుకున్నట్టు మాత్రం కనపడనివ్వలేదు.)

తమ్ముడు: సరే, ఒక మాట. అడుగు శుభ్రం చేయమంటున్నావు. మరి పవర్ కార్డ్ కొడితే కింద ఏదో ఒక మందమైన స్వరం వినిపిస్తుందే, నేను నొక్కనిది, అదెక్కడ్నుంచి వస్తుంది?

అక్క: చిన్నప్పుడు అమ్మ మనిద్దర్నీ సంగీతం క్లాసుకి తోస్తే నువ్వు వెనక గుమ్మంలోంచి పారిపోయావు కాబట్టి నీకు తెలియదు. పవర్ కార్డ్ అంటే స, ప. అంతే. గాంధారం ఉండదు. నీ అడుగు షడ్జం 82 హెర్ట్జ్ అనుకో, పంచమం సుమారు 123.5. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు కలిసి వెళితే వాటి తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. ఎంత?

తమ్ముడు: 41.

అక్క: 41 ఏంటి? నీ షడ్జానికి సరిగ్గా ఒక స్థాయి కింద. అంటే బేస్ గిటార్ అడుగు తీగ. నువ్వు రెండు వేళ్ళు పెడితే ఆంప్ మూడో స్వరాన్ని తనే వాయిస్తోంది. మిగతా పుట్టే స్వరాలన్నీ ఆ 41కి గుణిజాలే కాబట్టి కలిసిపోతాయి. గాంధారం కలిపి స, గ కొట్టి చూడు. 82కీ 104కీ తేడా 21, 22 దగ్గర పడుతుంది. అది వినపడే హద్దు అంచున ఉంటుంది, దాని పిల్లలు ఎక్కడెక్కడో పడతాయి. అందుకే గెయిన్ ఎక్కువున్నప్పుడు మామూలు మేజర్ కార్డ్ గజిబిజిగా ఉంటుంది. మెటల్ వాళ్ళు పవర్ కార్డులకి అతుక్కుపోవడం బద్ధకం కాదు.

తమ్ముడు: 41 గిటారే ఇస్తుంటే బేస్ గిటార్ వాడితో పనేముంది మరి?

అక్క: 12 అంగుళాల గిటార్ స్పీకర్ ఆ 41ని ఏం మోస్తుంది? నీడలా వినిపిస్తుంది అంతే. నీడకి ఒళ్ళు ఇచ్చేది బేస్ గిటారే. మీవాడి బేస్‌ని డెమోలో ఎంత తగ్గించావు?

తమ్ముడు: ...కొంచెం. నా గిటార్‌కి అడ్డొస్తోందని.

అక్క: అదీ సంగతి.

తమ్ముడు: ఆగు ఆగు. ఇప్పుడు జస్టిస్ గురించి చెప్పు. 1988. ఆ ఆల్బంలో బేస్ గిటార్ దాదాపు వినపడదు. మిడ్స్ లేవు. గిటార్ పొడిగా, చెక్క మీద మేకు కొట్టినట్టు ఉంటుంది. నీ లెక్క ప్రకారం అది చెత్త రికార్డు అవ్వాలి. లక్షల మందికి అదే ఇష్టం. నాక్కూడా.

అక్క: నాకూ ఇష్టమే. పాటలు గొప్పవి, వాయించిన చెయ్యి గొప్పది. కానీ అక్కడ బేస్ గిటార్ చోటు ఖాళీ చేశారు కాబట్టి గిటార్ అడుగున అంత పరుచుకోగలిగింది. నీ పాటలో ఆ చోటు ఖాళీ లేదు, కిక్ డ్రమ్ కూడా అక్కడే ఉంది. పైగా ఆ తర్వాత వాళ్ళేం చేశారు? 1991లో నిర్మాతగా బాబ్ రాక్‌ని పెట్టుకుని బేస్‌ని వెనక్కి తెచ్చారు. బ్లాక్ ఆల్బం ఎంత బరువుగా ఉంటుందో నేను చెప్పాలా? 2011 అక్టోబర్‌లో వాళ్ళు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు రైలెక్కి వెళ్ళాను. మిక్సర్ టెంటు పక్కన నిలబడ్డాను. ఛాతీ మీద తగిలింది కిక్కూ, బేసూ. గిటార్ చెవుల మధ్య తగిలింది. ఎవరి చోట వాళ్ళు.

తమ్ముడు: అయితే దీనికి సమాధానం చెప్పు. స్టాక్‌హోమ్, సన్‌లైట్ స్టూడియో. ఎంటూమ్డ్ బ్యాండు 1990లో 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' చేసింది. నిర్మాత టోమాస్ స్కోగ్స్‌బెర్గ్. వాళ్ళు వాడింది బాస్ కంపెనీ హెచ్ఎం-2 పెడల్. నాలుగు నాబ్‌లు ఉంటాయి దానికి. నాలుగూ చివరికంటా తిప్పేశారు. లెక్కల్లేవు, కోతల్లేవు, ఏది ముందు ఏది తర్వాత అన్న శాస్త్రం లేదు. అన్నీ ఫుల్. రంపం మోత. ఆ ఒక్క సౌండ్ మీద ఒక ఊరు ఊరంతా డెత్ మెటల్ కట్టుకుంది. 1991లో ఆ పెడల్ తయారీ ఆగిపోతే దానికోసం జనం ఎగబడుతూనే ఉన్నారు. చివరికి 2021లో కంపెనీయే మళ్ళీ తెచ్చింది.

అక్క: ఆ నాలుగు నాబ్‌లలో మూడోది, పైస్వరాలది, ఎక్కడ పెంచుతుందో తెలుసా?

తమ్ముడు: ట్రెబుల్ దగ్గర.

అక్క: 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల. అది మిడ్స్. నువ్వు రంపం అంటున్నావే, ఆ రంపం పళ్ళు మిడ్స్‌లోనే ఉన్నాయి. అన్నీ ఫుల్ పెట్టినప్పుడు వాళ్ళు మిడ్స్‌ని కూడా ఫుల్ పెట్టారు నాన్నా. నీలాగా సున్నా చెయ్యలేదు. అందుకే ఆ రికార్డుల్లో అంత బురదలో కూడా గిటార్ వినిపిస్తుంది.

తమ్ముడు: సరే, మిడ్స్ నీదే. కానీ నా ప్రశ్న అది కాదు. వాళ్ళు ఏ సౌండ్ ఇంజినీరునీ అడగలేదు. అడిగి ఉంటే వద్దనేవాడు. నువ్వైనా వద్దనేదానివి. డార్క్‌త్రోన్ బ్యాండు సంగతి చూడు. మొదటి ఆల్బం అదే సన్‌లైట్‌లో శుభ్రంగా చేశారు. అది నచ్చక ఆ సౌండే వదిలేసి, 1994లో 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'ని ఇంట్లో నాలుగు ట్రాకుల రికార్డర్ మీద చేశారు. సన్నగా, గీసుకుపోతూ, అడుగు అన్నదే లేకుండా. నీ మిక్సర్ దగ్గరికి ఆ టోన్ వస్తే పంపించేస్తావు. అదిప్పుడు ఒక శాఖకి పునాది. "మంచి టోన్" అని నువ్వు చెప్పేదంతా అప్పటికే ఎవరో చేసి పెట్టిన టోన్. కొత్తది వచ్చినప్పుడు ఎప్పుడూ చెడ్డగానే వినిపిస్తుంది.

(తమ్ముడిదే రైటనిపించింది ఇక్కడే. అక్క దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు, ఉందని ఆమె కూడా అనలేదు. అయోమీ శ్రుతి దించింది గాయం వల్ల. స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు నాబ్‌లన్నీ తిప్పేసింది తెగువ వల్ల. ఏ పుస్తకం చూసీ చేసిన పనులు కావు ఇవి.)

అక్క: కాదనను. డార్క్‌త్రోన్‌కి ఏం కావాలో వాళ్ళకి తెలుసు. కావాలని సన్నగా చేశారు. నువ్వు బరువు కావాలంటూ సన్నగా చేశావు. తేడా అక్కడుంది. చెడ్డ టోన్ కావాలంటే చెప్పు, దానికీ సాయం చేస్తా.

తమ్ముడు: వెటకారం ఆపు. మరి ట్యూబ్ ఆంప్?

అక్క: పాంటెరా గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ పేరు తెచ్చుకుంది రాండల్ ట్రాన్సిస్టర్ ఆంప్‌లతో. 'వల్గర్ డిస్‌ప్లే ఆఫ్ పవర్' 1992. ట్యూబులు లేవని ఎవడైనా వెనక్కిచ్చాడా? మెషుగా బ్యాండు ఏళ్ళ తరబడి డిజిటల్ మోడలర్లతోనే వేదికెక్కింది. నీ లాప్‌టాప్‌లో ఉన్న ఆంప్ చాలు. నీకు చాలనిది దాని తర్వాత ఉన్న స్పీకర్. ఏ క్యాబ్ పెట్టావు?

తమ్ముడు: దాంతోపాటు వచ్చిందే. ఎప్పుడూ మార్చలేదు.

అక్క: గెయిన్ నాబ్ వంద సార్లు తిప్పావు, దీన్ని ఒక్కసారి ముట్టుకోలేదు. గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. ఆ లోపమే మనకి రక్ష. అది లేకుండా డిస్టార్షన్‌ని నేరుగా వింటే తలనొప్పి. అసలు క్యాబినెట్ అయితే ముందర ఎస్ఎం57 మైకు పెడతాం. మైకుని స్పీకర్ మధ్య నుంచి అంచు వైపు ఒక్క అంగుళం జరిపితే వచ్చే మార్పు నీ ఆంప్ మీదున్న నాబ్‌లన్నీ కలిపి తిప్పినా రాదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ముందు క్యాబ్ ఎంచుకో, మైకు జరుపు, తర్వాతే ఆంప్ జోలికి పో. ఇంకోటి. ఎడమకీ కుడికీ గిటార్ ఎలా పెట్టావు?

తమ్ముడు: ఒకసారి వాయించి కాపీ చేశా. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి.

అక్క: కాపీ రెండు పక్కలా పెడితే అది మధ్యలోనే కూర్చుంటుంది, కాస్త పెద్దగా. రెండోసారి నిజంగా వాయించాలి. రెండిట్లో వెంట్రుకవాసి తేడాలుంటాయి చూడు, ఆ తేడాలే గిటార్‌ని వెడల్పు చేస్తాయి. రెండు కలిసేసరికి గెయిన్ కూడా కూడుకుంటుంది. అందుకే ఒక్కోదానిలో గెయిన్ తక్కువ పెట్టమనేది. నువ్వు వెడల్పు గెయిన్‌లో వెతికావు.

తమ్ముడు: రెండోసారి అంతే కచ్చితంగా వాయించాలంటే చచ్చేంత కష్టం.

అక్క: ఆ కష్టం పేరే టైట్‌గా ఉండడం. ఇంతకీ ఈ జుయ్యిమనే మోతేంటి?

తమ్ముడు: అది ఎప్పుడూ ఉంటుంది. పికప్‌లదే. అందుకే మార్చమంటున్నా.

అక్క: నీవి హంబకర్లేరా. గిబ్సన్‌లో సేథ్ లవర్ 1955లో వాటిని తయారుచేసిందే ఈ మోత పోవడానికి. రెండు కాయిల్స్ పక్కపక్కనే, వ్యతిరేక దిశల్లో చుట్టి పెట్టి ఒకదాని మోతని ఇంకోదానితో కొట్టేయించాడు. తీగ మీద చెయ్యి వెయ్యి.

వేశాడు. మోత తగ్గింది. తీశాడు, మళ్ళీ వచ్చింది. అక్క వంగి లాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ పీకేసింది. జుయ్యిమనడం సగానికి పైగా పోయింది.

అక్క: నీ గది ప్లగ్గుకి ఎర్తింగ్ లేనట్టుంది. ఛార్జర్ రొద గిటార్‌లోకి ఎక్కుతోంది. ఎలక్ట్రీషియన్ కూలీ ఇస్తే పోయేదానికి పికప్‌లు మారుస్తానంటున్నావు. ఎర్తింగ్ చేయించేదాకా బ్యాటరీ మీద రికార్డు చెయ్.

తమ్ముడు: నువ్వు చెప్పేది వింటుంటే సామాను ఏదైనా ఒకటే అన్నట్టుంది. మన మాండలిన్ శ్రీనివాస్‌నే తీసుకో. పాలకొల్లు ఆయన. మాండలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. వాటి మీద గమకం పలకదు. ఆయనేం చేశాడు? "చెయ్యి బాగుంటే చాలు" అనుకుని ఊరుకున్నాడా? వాయిద్యాన్నే మార్చేశాడు. ఐదు ఒంటి తీగలు పెట్టించి, ఎలక్ట్రిక్ చేసుకుని కచేరీలు చేశాడు. సామాను మారకపోతే ఆ సంగీతమే లేదు.

అక్క: ఈ మాట మాత్రం బాగా పట్టుకొచ్చావు. ఒప్పుకుంటా. కానీ ఆయనకి గమకం ఎక్కడ ఆగిపోతోందో తెలుసు. ఏది అడ్డమో తెలిసి దాన్ని తీశాడు. నీకు అడ్డం ఏదో ఇవాళ్టిదాకా తెలియదు. తెలిశాక పికప్ మార్చు, నేనే కొనిస్తా. నీ గిటార్‌కి ముందు కావలసింది వేరే: శ్రుతిని సి దాకా దించి ఇంకా సన్న తీగలే వాడుతున్నావు. గట్టిగా కొట్టిన ప్రతిసారీ స్వరం పైకి జారి వెనక్కి వస్తోంది. బేస్ వాడితో శ్రుతి కలవట్లేదంటే అందుకే. లావు తీగల సెట్టు కొను.

తమ్ముడు: అయోమీ సన్న తీగలే కదా వాడింది!

అక్క: ఆయనకి వేళ్ళు లేక. నీకున్నాయిగా.

తమ్ముడు: సరే. గెయిన్ 5. అంతకన్నా దించను.

అక్క: 4.

తమ్ముడు: నాలుగున్నర. మిడ్స్ 6 పెడతా. కానీ పాట మొదట్లో, డ్రమ్స్ రాకముందు ఆ నాలుగు బార్లు మాత్రం హెచ్ఎం-2 ఫుల్‌గా ఉంటుంది. అక్కడ గిటార్ ఒక్కటే కాబట్టి నీ శాస్త్రం వర్తించదు.

అక్క: పెట్టుకో. ఎడమకీ కుడికీ విడివిడిగా వాయించి, ఆంప్ లేకుండా గిటార్ ఉత్త సౌండ్ ఫైళ్ళు పంపు. బేస్ గిటార్ ఫైలు కూడా. దాన్ని ఈసారి నువ్వు ముట్టుకోకు, వాడినే పంపమను.